ఆత్రేయపురం ఉత్త రేకులు, మారిషస్‌లో నా ఆఖరి మూడు రోజులు

పూతరేకుల దుకాణం గురించి రాసేవారు నెయ్యి ఎంత వేశారో, బెల్లం పంటికి గట్టిగా తగిలిందో లేదో చెప్పి ఊరుకోవడం మామూలు. నేను రాయబోయేది ఆత్రేయపురంలోని ఈ దుకాణానికి వచ్చేవారిలో చాలామంది అడగని సరుకు గురించి. నెయ్యీ తీపీ పెట్టకుండా, మడవకుండా, కుండ మీద నుంచి తీసినవి తీసినట్లు అమ్మే ఉత్త రేకులను ఇక్కడ నాలుగు వందలు కొని మారిషస్‌కు పట్టుకెళ్లాను. అక్కడ వాటిని దాదాపు మూడు నెలలు డబ్బాలో దాచి, నేను పాఠాలు చెప్పిన ప్రాథమిక పాఠశాలలో ఆఖరి మూడు రోజుల్లో పిల్లల చేత చుట్టించాను. సరుకును ఇంతకంటే కఠినంగా పరీక్షించే అవకాశం మామూలు కొనుగోలుదారులకు దొరకదు కాబట్టి, మంచీ చెడూ రెండూ వివరంగా రాయడం న్యాయమనిపించింది.

నేను కోనసీమ బడుల్లో ముప్పై ఏళ్లకు పైగా తెలుగు చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. మారిషస్‌లో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో హిందీ, ఉర్దూ, తమిళం, మరాఠీలతోపాటు తెలుగు కూడా ఐచ్ఛిక భాషగా ఉంది. పిల్లలు ఇంట్లో మాట్లాడేది ఫ్రెంచి నుంచి పుట్టిన అక్కడి వాడుక భాష క్రియోల్, బడిలో చదివేది ఇంగ్లీషు, ఫ్రెంచి; తెలుగు మాత్రం తాతముత్తాతల భాషగా వారంలో కొన్ని గంటలు నేర్చుకుంటారు. ఫ్లాక్ ప్రాంతంలో, చుట్టూ చెరకు తోటలున్న ఒక బడిలో, అక్కడి తెలుగు ఉపాధ్యాయురాలికి తోడుగా కొన్ని నెలలు ఉండి రమ్మని పిలుపు వస్తే ఆగస్టులో బయలుదేరాను. అక్కడ విద్యా సంవత్సరం జనవరిలో మొదలై నవంబరు ప్రాంతంలో ముగుస్తుంది కనుక, పిల్లలకు సెలవులిచ్చే రోజులూ నేను తిరుగు ప్రయాణమయ్యే రోజులూ ఒకటే అవుతాయని ముందే తెలుసు. వెళ్లేముందే వీడ్కోలు కానుక గురించి ఆలోచించవలసి రావడం కొంచెం విచిత్రంగానే ఉంది.

ఆత్రేయపురానికి వెళ్లింది ఆ పని మీదనే. బొబ్బర్లంక వైపు నుంచి కాలువ గట్టు పట్టుకుని వస్తే, లొల్ల లాకుల దాకా దారి పొడవునా పూతరేకుల బోర్డులే కనిపిస్తాయి. 2023లో ఇక్కడి పూతరేకులకు భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చిన దగ్గర నుంచి బోర్డులు మరీ పెరిగాయి, ప్రతి బోర్డు మీదా ఆ సంగతి రాసి ఉంటుంది. ఈ దుకాణాన్ని ఎంచుకోవడానికి కారణం బోర్డు కాదు, పొయ్యి. ముందు గదిలో అమ్మకం, వెనక వసారాలో రేకులు తీయడం. మధ్యనున్న తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. మనం కొనే రేకు ఎవరి చేతి మీదుగా వస్తోందో నిలబడి చూడవచ్చు, వద్దనేవారు లేరు.

చూడవలసిన పని కూడా అది. జయ బియ్యం నానబెట్టి, రుబ్బి, నీళ్లపాలంత పలుచగా చేసిన పిండి ఒక పళ్లెంలో ఉంటుంది. పక్కన బోర్లించిన కుండ, దాని కడుపులో ఎండు కొబ్బరి ఆకుల మంట. రేకులు తీసే ఆవిడ జానెడు వెడల్పు పల్చటి గుడ్డను పిండిలో ముంచి, రెండు చివరలూ పట్టుకుని కుండ వీపు మీద ఒక్కసారి పరిచి లాగుతుంది. గుడ్డ ఇవతలికి వచ్చేసరికే కుండ మీద తెల్లని పొర ఆరిపోయి, అంచులు తమంతట తామే పైకి లేస్తాయి. దాన్ని వేళ్లతో తీసి పక్కన పెడుతుంది, మళ్లీ గుడ్డ ముంచుతుంది. మంట ఎక్కువైతే రేకు చిల్లులు పడుతుంది, తగ్గితే కుండకు అతుక్కుంటుంది. ఆవిడ మంట వైపు చూడడం నేను ఒక్కసారి కూడా గమనించలేదు. పొయ్యిలోకి ఆకు తోసే ఎడమ చేతికే ఆ లెక్క తెలిసినట్లుంది.

నేను అడిగింది చుట్టిన పూతరేకులే, వంద పెట్టెలు కావాలన్నాను. దుకాణం చూసుకునే ఇల్లాలు ఎక్కడికని అడిగి, ఎన్నాళ్లకు తింటారని అడిగి, మూడు నెలలనగానే అమ్మనని చెప్పింది. "చుట్టినవి పట్టుకెళ్లకండి మేష్టారండీ. నెయ్యి అన్నాళ్లుంటే వాసనొచ్చేత్తదండి. పేరు మాదే పోద్ది. ఉత్త రేకులు పట్టుకెళ్లండి, తడి తగలకపోతే వాటికేం కాదు. నెయ్యీ పంచదారా అక్కడ దొరకవా ఏంటండి?" చేతికొచ్చిన పెద్ద బేరాన్ని ఆమె అలా వదులుకుంది. నేను ఈ దుకాణానికి ఇచ్చే మార్కుల్లో సగం ఆ ఒక్క మాటకే.

దొరకవా అని ఆమె అడిగిన పంచదార కోసమే మనవాళ్లను ఆ దేశానికి తరలించారని అప్పుడు ఆమెకు చెప్పాను. 1835లో అక్కడ బానిసత్వం రద్దయింది. ఆ సమయానికే తోటల యజమానులు చెరకు పనికి ఒప్పంద కూలీలను భారతదేశం నుంచి ఓడల్లో రప్పించుకోవడం మొదలుపెట్టారు. 1834 నుంచి ఇరవయ్యో శతాబ్దం మొదటి వరకు అలా దాదాపు నాలుగున్నర లక్షల మంది ఆ ద్వీపంలో దిగారు. వారిలో తెలుగువారిని అక్కడ కోరంగీలు అని పిలిచేవారు. గౌతమి పాయ సముద్రంలో కలిసేచోట, తాళ్లరేవు దగ్గరున్న మన కోరంగి రేవులో ఓడ ఎక్కి వచ్చినవారు గనుక ఆ పేరు. 1839 తుపానులో దెబ్బతిని, తరువాత మేట వేసి ఆ రేవు రేవు కాకుండా పోయింది. పేరు మాత్రం సముద్రం అవతల మిగిలింది. ఆమె అంతా విని, "అయితే మనోళ్లేనన్నమాట" అని, లోపలికి కేకేసి, వెనక వసారాలో అప్పుడే తీస్తున్న రేకుల్లోంచి లెక్కపెట్టమంది. ఆ లెక్క సంగతి తరువాత చెబుతాను.

ఇక కట్టడం గురించి. వందకొక కట్ట చొప్పున నాలుగు కట్టలు. ప్రతి పాతిక రేకులకూ మధ్య ఒక నూనె కాగితం, మొత్తానికి మందపాటి ప్లాస్టిక్ సంచి, సంచి మూతి వేడితో అతికించడం, ఆపైన అట్టపెట్టె. పెట్టె కొలత రేకు కొలతకు సరిగ్గా సరిపోయింది. వదులుగా ఉంటే లోపల కదిలి పొడి అయిపోతాయట. పెద్ద తగరపు డబ్బాలో నాలుగు పెట్టెలనూ ఇమిడ్చి, అడుగున తేమ పీల్చుకోవడానికి చిన్న గుడ్డమూటలో పిడికెడు బియ్యం వేసి ఇచ్చింది. మంచి ఉపాయమే. కాని గింజలూ విత్తనాలూ సరిహద్దు దాటించడం ఎక్కడైనా చిక్కే కాబట్టి, ఇంటికి వచ్చాక ఆ బియ్యం తీసేసి, అదే గుడ్డలో ఒక పెట్టె సుద్దముక్కలు మూటగట్టి పెట్టాను. వర్షాకాలంలో బడి బీరువాలో రికార్డులు చెమ్మగిల్లకుండా మేము చేసే పని అది. దుకాణంవారు విదేశాలకు వెళ్లే కొనుగోలుదారులకు బియ్యం మూట మానేసి, ఈ పద్ధతి పాటిస్తే బాగుంటుందని నా సూచన.

అక్కడ దిగినప్పుడు, తినే పదార్థాలు తెచ్చానని కాగితంలో రాసిచ్చాను. అధికారి డబ్బా తెరిపించి, రేకును వెలుతురుకు పట్టుకుని చూసి, ఇది దేనికని అడిగాడు. బియ్యప్పిండితో చేసిన పొర, లోపల తీపి పెట్టి మడిచి తింటామని చెప్పాను. సుద్దముక్కల మూటే అతన్ని ఎక్కువ సేపు ఆలోచింపజేసింది. ఉపాధ్యాయుణ్ణని చెబితే నవ్వి మూత పెట్టేశాడు. ఇలా తీసుకువెళ్లాలనుకునేవారు ఆ దేశపు నిబంధనలు ముందే కనుక్కోవాలి. చుట్టినవాటిలో నెయ్యి ఉంటుంది కాబట్టి ఆ ప్రశ్నలు వేరుగా ఉంటాయి.

బసకు చేరాక లెక్క చూసుకుంటే, అంచులు విరిగినవీ మధ్యకు చీలినవీ కలిపి ముప్పై ఒకటి. సముద్రం దాటని సరుకు కూడా ఇంతకంటే ఎక్కువ విరిగి రావడం నేను చూశాను. డబ్బాను అటక మీద పెట్టి, వారానికొకసారి సుద్దముక్కలను ఎండలో వేసి తిరిగి పెడుతూ వచ్చాను. ఆ ద్వీపంలో తూర్పు వైపు గాలికి తేమ ఎక్కువ; నా పంచెలే రెండు రోజులకు గాని ఆరేవి కావు. అయినా అక్టోబరు నెలాఖరున మొదటి పెట్టె విప్పినప్పుడు రేకులు వేలితో తాకితే గలగలమన్నాయి. పురుగు లేదు, ముక్కిన వాసన లేదు, రంగు మారలేదు.

ఆఖరి మూడు రోజుల్లో మొదటి రోజు అనుభవం మాత్రం పాఠం నేర్పించేదిగా ఉంది, అదీ నాకే. నాలుగు, అయిదు, ఆరు తరగతుల తెలుగు పిల్లలు ముప్పైమంది దాకా ఒక గదిలో కూర్చున్నారు. రేకును పైకెత్తి చూపించగానే ముందు బెంచీలోని కుర్రవాడు క్రియోల్‌లో "సా పాపియే సా?" అన్నాడు, ఇది కాగితమా అని. రుచి చూడమని తుంచి ఇస్తే నాలుక మీద పెట్టుకుని, కాగితం కరిగిపోయిందని పక్కవాడికి చెప్పాడు. అంతవరకు బాగానే జరిగింది. నేను ఆ ఊరి గొప్ప అని సరదాపడి, అక్కడ దొరికే ముదురు గోధుమరంగు పంచదారను లోపల పెట్టించాను. మస్కవాడో అంటారు, మొలాసిస్ పోకుండా తీసిన పంచదార, వాసన మన బెల్లానికి దగ్గరగా ఉంటుంది. దానిలోని తడి లెక్కలోకి తీసుకోలేదు. మడవడానికి వీలుగా రేకుకు అద్దిన తడికి ఆ తడి తోడై, మడత పూర్తయ్యేలోగా రేకులు చేతులకు ముద్దగా అంటుకుపోయాయి. యాభై ఎనిమిది రేకులు పాడయ్యాయి. పిల్లలు ఆ ముద్దలను కూడా వదలకుండా తిన్నారు గాని, అవి పూతరేకులు కావు. ఈ నష్టంలో దుకాణానిది ఏమీ లేదని స్పష్టంగా చెప్పాలి.

ఆ రాత్రి మా తోటి ఉపాధ్యాయురాలి ఇంట్లో లేతరంగు పొడి పంచదారను మిక్సీలో మెత్తగా కొట్టి, యాలకుల పొడి కలిపి, వెన్న కాచి నెయ్యి చేసి సిద్ధం చేసుకున్నాం. రెండో రోజు చుట్టడం కుదిరింది. గుడ్డను తడిపి, నీళ్లు కారకుండా పిండి, రేకు మీద అద్దీ అద్దనట్లు ఒక్కసారి తాకించాలి. తక్కువైతే మడతలో విరుగుతుంది, ఎక్కువైతే నానిపోతుంది. ఆరో తరగతి అమ్మాయి ఒకతె, తరగతిలో నోరు విప్పి తెలుగు మాట్లాడడానికి మూడు నెలలూ సిగ్గుపడిన పిల్ల, ఈ పని ఎవరికంటే ముందు పట్టేసింది. గుడ్డను నేరుగా తాకించకుండా, తడి వేళ్లను రేకు మీద దులిపేది. నీటి తుంపరలు పడిన చోట రేకు మెత్తబడే క్షణం కోసం చూసి, అప్పుడు నెయ్యి రాసి, పంచదార జల్లి, రెండో రేకు పరిచి మడిచేది. అలా మడుస్తూ పక్కన పిల్లలకు తానే చెప్పడం మొదలుపెట్టింది: "తడి, నెయ్యి, పంచదార, మడత. తడి, నెయ్యి, పంచదార, మడత." మాట మధ్యలో క్రియోల్ రాలేదు. నేను నల్లబల్ల మీద రాసి, వల్లె వేయించి, పరీక్షలు పెట్టి రప్పించలేకపోయిన మాటలు అవి. ఒక్కొక్కదానికి రెండు రేకుల చొప్పున ఆ మధ్యాహ్నం నూట ఇరవై పూతరేకులు తయారయ్యాయి. విరిగిన ముక్కలను పారేయకుండా పంచదారతో కలిపి మడతల లోపలే వేశాం. ఆత్రేయపురంలోనూ అలా చేస్తారని వెనక వసారాలో చూసిన గుర్తు.

మూడో రోజు వీడ్కోలు. ప్రసంగాలు ఎక్కడైనా ఒకటే కాబట్టి వాటి గురించి రాయను. మనవలను తీసుకుపోవడానికి వచ్చిన పెద్దవారికి తలా ఒకటి ఇచ్చాం. ఒక పెద్దావిడ బదులుగా గాతో పతాత్ తెచ్చి నా చేతిలో పెట్టింది. చిలగడదుంప పిండిలో కొబ్బరీ పంచదారా పెట్టి నూనెలో వేయించినది, ఆకారం చూస్తే అచ్చం మన కజ్జికాయ. పూతరేకును ఆవిడ మొదట మడత విప్పబోయింది, విప్పకూడదని మనవడు గద్దించాడు. కొరికి, కళ్లు మూసుకుని, "మారీ బోన్" అంది, చాలా బాగుందని. పిల్లలు ఇంకేమైనా ఇవ్వండని అడిగితే అప్పటికప్పుడు పంచడానికి వీలైనవి డబ్బాలోని సుద్దముక్కలే. అవీ పంచేశాను. కొన్నిటికి యాలకుల వాసన పట్టింది.

మిగిలిన అరవైకి పైగా ఉత్త రేకులను ఆ ఉపాధ్యాయురాలికి వదిలి వచ్చాను. నవంబరు 2 అక్కడ సెలవు, 1834లో ఒప్పంద కూలీల ఓడ వచ్చిన రోజు. విమానం ఎక్కేముందు ఆ రోజు రాజధాని పోర్ట్ లూయీలోని ఆప్రవాసీ ఘాట్‌కు వెళ్లి, ఓడ దిగినవారు ఎక్కిన ఆ పదహారు రాతి మెట్లను చూశాను.

ఇప్పుడు లోపాలు. మొదటిది లెక్క. నాలుగు వందల రేకులని డబ్బు తీసుకున్న కట్టల్లో రెండు సరిగ్గానే ఉన్నాయి, ఒకదానిలో తొంభై ఎనిమిది, మరొకదానిలో తొంభై నాలుగు. మోసమని నేను అనుకోను; పల్చటి రేకులు రెండు కలిసిపోతే ఒకటిగా లెక్కకు రావడం, ఒకటిని రెండుగా ఎంచడం రెండూ జరుగుతాయి. అయినా కొనేవారి చేత ఒకసారి లెక్క చూపించడం మంచిది. రెండోది, పెట్టె మీద తయారీ తేదీ కలంతో రాశారు, అది చెమటకు చెరిగిపోయింది. ఎగుమతి మాట గోడ మీద రాసుకున్నవారు తేదీ అచ్చు వేయించకపోవడం తగదు. మూడోది, ఫోను. ముందుగా చెప్పి ఉంచుదామని నాలుగు రోజులు ప్రయత్నించినా ఎవరూ ఎత్తలేదు. ఎత్తిన రోజున, రేకులు తీసే చేత్తో ఫోను ఎలా ఎత్తుతామండి అన్నారు. ధర పక్క దుకాణాల కంటే వంద రేకులకు నలభై రూపాయలు ఎక్కువ. రేకు పలుచదనం, కట్టిన తీరు చూశాక ఆ నలభై గురించి నాకు ఫిర్యాదు లేదు.

చుట్టిన పూతరేకుల సంగతి కూడా ఒక మాట. బెల్లంవి బాగున్నాయి, నెయ్యి కమ్మనిది, యాలకులు మితంగా ఉన్నాయి. చాక్లెట్ పొడి వేసినవి కూడా అమ్ముతున్నారు. నేను తినలేదు, తినను.

తిరిగి వచ్చాక తక్కువ వచ్చిన ఎనిమిది రేకుల సంగతి చెబుదామని వెళ్లాను. ఆమె వాదించలేదు, ఎనిమిదికి పన్నెండు ఇచ్చి, కట్ట కట్టిన పిల్లను నా ఎదుటే మందలించబోతే నేనే ఆపాను. తెచ్చిన మస్కవాడో అర కిలో పొట్లం ఆమె చేతిలో పెట్టాను. విప్పి, చిటికెడు వేళ్ల మధ్య నలిపి చూసి, నోట్లో వేసుకోకముందే తేల్చేసింది. "తడండి ఇది. రేకు నానిపోద్ది. బెల్లానికి తమ్ముడు లాంటిది, పాకానికి పనికొత్తది గాని పూతకి పనికిరాదండి." యాభై ఎనిమిది రేకులు పాడుచేసుకుని నేను తెలుసుకున్న సంగతి ఆమెకు రెండు వేళ్లతో తెలిసిపోయింది. ఆ యాభై ఎనిమిది మాట ఆమెకు చెప్పలేదు.

ఆ ఉపాధ్యాయురాలు జనవరిలో బడి తెరిచాక పిల్లలకు మళ్లీ చుట్టించాలంటున్నారు. మా ఊరి నుంచి అటు వెళ్లేవారొకరు దొరికారు, వారి చేత పంపడానికి ఇంకో రెండు వందలకు చెప్పి వచ్చాను. ఈసారి కట్ట కట్టేముందు వసారాలో పీట వేసుకుని నేనే లెక్కపెడతానన్నాను, సరేనన్నారు.